రేసింగ్ లైన్ వెంట పరుగెత్తిన మారథానర్: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు నా దగ్గర శిక్షణ తీసుకున్న ఒక రన్నర్‌ది. వయసు నలభై దాటింది. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, ఉద్యోగం, పోటీ జరిగిన సంవత్సరం ఇవ్వడం లేదు. సర్క్యూట్‌ను గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొలతలను కొంచెం సవరించాను. కింద వచ్చే లెక్కలన్నీ ఆ సవరించిన కొలతల మీద వేసినవే.

ఆయన రోడ్డు మారథాన్లు చాలానే పూర్తి చేశారు. టైమింగ్ ఎప్పుడూ 3:35కీ 3:45కీ మధ్య ఉండేది. 3:30 లోపు, అంటే మూడున్నర గంటల లోపు ముగించాలన్నది లక్ష్యం. అందుకోసం మోటార్ రేసింగ్ సర్క్యూట్ మీద జరిగే మారథాన్‌ను ఎంచుకున్నారు. ట్రాఫిక్ ఉండదు, గుంతలు ఉండవు, తారు నున్నగా ఉంటుంది, పైగా చదును. ఇదీ ఆయన లెక్క. కెన్యా మారథాన్ రన్నర్ ఎలియుడ్ కిప్చోగే 2017 మే 6న ఇటలీలోని మోంజా సర్క్యూట్‌లో 2:00:25కి మారథాన్ దూరం పూర్తి చేయడం కూడా ఆయన మనసులో గట్టిగా నాటుకుంది. దీనికి తోడు కార్ల రేసులంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ ప్రాణం.

మోంజా ఉదాహరణను నేను కొంచెం జాగ్రత్తగా చూస్తాను. అక్కడ కిప్చోగే పరుగెత్తింది ఫార్ములా వన్ కార్లు తిరిగే 5.793 కి.మీ. దారి మొత్తం మీద కాదు, లోపల ఉన్న 2.4 కి.మీ. జూనియర్ కోర్సు మీద. గాలి తక్కువ, ఎత్తుపల్లాలు లేవు, ముందు పేసర్లు (వేగం నిలబెట్టడానికి ముందు పరుగెత్తేవాళ్లు) బృందాలుగా మారుతూ గాలిని అడ్డుకున్నారు. అలా పేసర్లు మధ్యలో వచ్చి చేరడం లాంటి కారణాల వల్ల దాన్ని ప్రపంచ రికార్డుగా లెక్కించలేదు. ఇక అన్ని సర్క్యూట్లూ మోంజాలా ఉండవు. బెల్జియంలోని స్పా 7.004 కి.మీ. ఉంటుంది, అక్కడ అతి తక్కువ ఎత్తుకూ అతి ఎక్కువ ఎత్తుకూ దాదాపు 100 మీటర్ల తేడా. జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ పాత ఉత్తర వలయం 20.8 కి.మీ., ఎత్తుల తేడా దాదాపు 300 మీటర్లు. టీవీలో కారు లోపలి కెమెరా నుంచి చూస్తే చదునుగా కనిపించే దారి కాళ్లకు అలా ఉండదు.

మన కేసులోని సర్క్యూట్ సవ్య దిశలో, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. వెడల్పు 12 మీటర్లు. పోటీ కోసం కొలిచిన ల్యాప్ 5.1 కి.మీ. ముందు పిట్ స్ట్రెయిట్ (ఫినిష్ గీత ఉండే తిన్నని భాగం) మీద పోను రాను కలిపి దాదాపు 1.4 కి.మీ., ఆ తర్వాత 8 ల్యాప్‌లు. ఒక్కో ల్యాప్‌లో ఎక్కాల్సింది 18 మీటర్లే. 8 ల్యాప్‌లకు అది 144 మీటర్లు.

సమస్య

ఆయన నా దగ్గరకు వచ్చింది ఆ సర్క్యూట్‌లో మొదటి పోటీ చెడిన తర్వాత. 3:49కి ముగించారు. రెండు ఫిర్యాదులు చెప్పారు. అయిదో ల్యాప్ నుంచి ఎడమ మోకాలి బయటివైపు కత్తితో కోసినట్టు నొప్పి వచ్చింది. రెండోది, కోర్సు కొలత తప్పు, ఎందుకంటే మారథాన్ దూరం 42.195 కి.మీ. అయితే వాచీ 42.9 కి.మీ. చూపించింది.

ల్యాప్ టైములు అడిగాను. మొదటి మూడూ 25:45. నాలుగోది 25:05. అయిదు 26:50, ఆరు 29:20, ఏడు 31:20, ఎనిమిది 32:10. ఈ వరుసలో నా కన్ను ఆగింది చివరి ల్యాప్‌ల దగ్గర కాదు, నాలుగో దాని దగ్గర. అలసిపోతున్న మనిషి ల్యాప్‌లు క్రమంగా నెమ్మదిస్తాయి. మూడు ఒకేలా వెళ్లి, నాలుగోది ఒక్కసారిగా 40 సెకన్లు తగ్గి, తర్వాత కూలిపోయిందంటే మధ్యలో ఏదో నిర్ణయం జరిగి ఉండాలి.

అడిగితే చెప్పారు. వాచీ కిలోమీటరుకు 4:58 చూపిస్తూనే ఉంది, అంటే లక్ష్యానికి సరిపడా పేస్. కానీ మూడో ల్యాప్ చివర్లో కిలోమీటరు బోర్డుకూ వాచీకీ దాదాపు పావు కిలోమీటరు తేడా కనిపించింది. లెక్క వేసుకుంటే అప్పటికే నిమిషంపైగా వెనకబడి ఉన్నారు. కంగారుపడి నాలుగో ల్యాప్‌లో గట్టిగా తొక్కారు. ఆ తొక్కుడు కూడా వెనక స్ట్రెయిట్‌లో, నేరుగా ఎదురుగాలిలోకి.

కోర్సు కొలత తప్పన్న మాటను నేను ఒప్పుకోలేదు. గుర్తింపు పొందిన మారథాన్ కోర్సులను రన్నర్ పరుగెత్తగల అతి దగ్గరి దారి వెంట, అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, కాలిబ్రేట్ చేసిన సైకిల్‌తో కొలుస్తారు. తక్కువ పడకూడదని 0.1 శాతం, అంటే మారథాన్‌కు 42 మీటర్లు అదనంగా కలుపుతారు. కాబట్టి అరకిలోమీటరుకు పైగా తేడా కోర్సులోంచి వచ్చే అవకాశం చాలా తక్కువ. అది ఆయన కాళ్లలోంచో, వాచీలోంచో రావాలి.

ముందు ఏం చేశాం, ఎందుకు సరిపోలేదు

మోకాలిని మొదట ఫిజియోకు చూపించాం. ఐటీ (ఇలియోటిబియల్) బ్యాండ్ సమస్య అన్నారు. తుంటి నుంచి మోకాలి బయటి పక్కకు దిగే పట్టీ అది. మోకాలు కొద్దిగా వంగినప్పుడు, దాదాపు 30 డిగ్రీల దగ్గర, దాని కింది భాగం ఎముక మీద ఒత్తుకుంటుంది. పరుగులో ప్రతి అడుగుకూ మోకాలు ఆ కోణం దాటి వెళ్తుంది కాబట్టి నొప్పి ఒక దూరం తర్వాత మొదలై ఇక తగ్గదు. మెట్లు దిగుతుంటే ఎక్కువవుతుంది. ఈయనకు సరిగ్గా అలాగే ఉంది.

విశ్రాంతి, ఫోమ్ రోలర్, స్ట్రెచింగ్‌తో రోజువారీ నొప్పి పోయింది. పొడవాటి పరుగులో మళ్లీ వచ్చింది. నొప్పి ఉన్నచోట ఒత్తితే హాయిగా ఉంటుంది, కానీ అక్కడ భారం ఎందుకు పడుతోందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

ఆ తర్వాత 400 మీటర్ల ట్రాక్ మీద పొడవాటి పరుగులు పెట్టాం. ఒకే చోట తిరిగి తిరిగి పరుగెత్తే విసుగుకు మనసు అలవాటు పడాలన్నది ఆలోచన. మనసు అలవాటు పడింది కానీ ఎడమ మోకాలు మొరాయించింది. ట్రాక్ మీద అందరూ అపసవ్య దిశలోనే తిరుగుతారు, వంపులన్నీ ఎడమకే, ఎడమ కాలు ఎప్పుడూ లోపలి కాలే. సర్క్యూట్ సవ్య దిశ, మలుపులు ఎక్కువగా కుడికి. రెండు చోట్లా అదే మోకాలు నొప్పి పెట్టడం నన్ను చాలా ఆలోచింపజేసింది. మలుపు దిశే కారణమైతే సర్క్యూట్‌లో కుడి కాలు బాధపడాలి కదా? అంటే సర్క్యూట్‌లో మలుపులను మించి ఇంకేదో ఉంది. ట్రాక్ పరుగులు ఆపేశాం.

మెత్తటి మందపాటి షూ కూడా వేసి చూశారు. మలుపుల్లో పాదం పక్కకు ఒరుగుతున్నట్టుందని ఆయనే పక్కన పెట్టేశారు. వాచీలో పేస్ అలారం పెట్టుకోవడం అంతకంటే చెడ్డగా తేలింది. ఎదురుగాలిలో పేస్ పడిపోగానే అది మోగుతుంది, ఆయన తొక్కుతారు. వెనకగాలిలో పేస్ పెరగగానే మళ్లీ మోగుతుంది, బ్రేక్ వేస్తారు. గాలి ఇచ్చింది వదులుకుని, గాలి తీసుకున్నదానికి రెట్టింపు ఖర్చు పెట్టినట్టయింది.

వీడియోలో దొరికిన జవాబు

ఈ కేసులో అసలు మార్పు ఆయన స్నేహితుడు స్టాండ్స్ నుంచి తీసిన వీడియోతో వచ్చింది. హెయిర్‌పిన్ మలుపు, అంటే దారి పూర్తిగా వెనక్కి తిరిగే మలుపు. ఈయన మలుపుకు ముందు ఎడమ అంచు దాకా వెళ్లి, మధ్యలో కుడి కెర్బ్‌ను (ట్రాక్ అంచున రంగు వేసిన గట్టును) తాకేంత దగ్గరకు వచ్చి, బయటపడేటప్పుడు మళ్లీ ఎడమ అంచుకు వెళ్తున్నారు. ప్రతి ల్యాప్‌లో అంతే, చెక్కుచెదరకుండా.

"అక్కడ బయటికి ఎందుకు వెళ్తున్నారండీ?" అని అడిగాను.

"అదేంటండీ, రేసింగ్ లైన్ అది. తారు మీద టైర్ల రబ్బరు నల్లగా కనిపిస్తుంది, దాని వెంటే వెళ్లా."

కారు ఆ దారిలో ఎందుకు వెళ్తుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. టైర్ల పట్టుకు ఒక హద్దుంది. మలుపు ఎంత విశాలమైతే అంత వేగం నిలుపుకోవచ్చు. అందుకే డ్రైవర్ బయటి నుంచి లోపలికి, లోపలి నుంచి బయటికి వెళ్లి మలుపును వీలైనంత విప్పుతాడు. కొన్ని మీటర్లు ఎక్కువైనా వేగంతో రాబట్టుకుంటాడు. గంటకు 12 కి.మీ. వేగంతో పోయే మనిషికి హెయిర్‌పిన్ కూడా నెమ్మదించాల్సినంత మలుపు కాదు. అతనికి తిరిగొచ్చే వేగం ఏమీ లేదు, అదనపు మీటర్లు మాత్రం మిగులుతాయి.

ఎన్ని మీటర్లు? దీనికి లెక్క సులువే. మలుపు చిన్నదా పెద్దదా అన్నదానితో పని లేదు. దారి ఎన్ని డిగ్రీలు తిరిగింది, లోపలి అంచు నుంచి మీరు ఎంత దూరంలో ఉన్నారు, ఈ రెండే చాలు. ఒక మీటరు బయటగా పరుగెత్తితే 90 డిగ్రీల మలుపుకు 1.57 మీటర్లు, హెయిర్‌పిన్‌కు 3.14 మీటర్లు అదనం. ఈ సర్క్యూట్‌లో కుడి మలుపులన్నీ కలిపి 810 డిగ్రీలు, ఎడమ మలుపులు 450. తేడా 360 రావాలి, ఎందుకంటే తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తాం. మొత్తం తిరుగుడు 1260 డిగ్రీలు, అంటే ఒక మీటరు బయటగా పోతే ల్యాప్‌కు 22 మీటర్లు అదనం. వీడియోలు చూసి ఆయన సగటున 3 మీటర్లు బయటగా ఉన్నారని అంచనా వేశాను. ఒక ల్యాప్‌కు 66 మీటర్లు. 8 ల్యాప్‌లకు దాదాపు 530 మీటర్లు. ఆయన పేస్‌లో అది రెండున్నర నిమిషాలకు పైనే. వాచీలో మిగిలిన తేడా జీపీఎస్ పొరపాటు, కోర్సులో కలిపిన 42 మీటర్లు.

అంచనా కదా, ఒకట్రెండు మీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు. కానీ ఇంత చిన్న ఎడం ఇంత పెద్ద దూరంగా మారుతుందని ఆయనకు కళ్లెదుట కనిపించడం ముఖ్యం, అది జరిగింది.

ఆయన వెంటనే ఒక మంచి ప్రశ్న వేశారు. కుడి మలుపు లోపలి అంచు నుంచి తర్వాతి ఎడమ మలుపు లోపలి అంచుకు వెళ్లాలంటే రోడ్డు మొత్తం అడ్డంగా దాటాలి, అందులో పోయే దూరం సంగతేంటి? 200 మీటర్ల స్ట్రెయిట్‌లో 12 మీటర్లు ఏటవాలుగా దాటితే అదనంగా పడేది 36 సెంటీమీటర్లు. మలుపు చివర్లో ఒక్కసారిగా దాటితేనే నష్టం. ముందు నుంచే తర్వాతి మలుపు లోపలి అంచు మీద చూపు పెట్టి నిదానంగా వెళ్తే నష్టమేమీ లేనట్టే.

అదే గీత, మోకాలు కూడా

సర్క్యూట్ వాళ్లు కొన్ని సాయంత్రాలు నడకకూ సైకిళ్లకూ దారి తెరుస్తారు. అలాంటి ఒక సాయంత్రం ఇద్దరం ఒక ల్యాప్ నడిచాం. వాన నీరు నిలవకుండా రేస్ ట్రాక్‌కు అడ్డవాలు పెడతారు. స్ట్రెయిట్‌లలో సాధారణంగా అది 1.5 నుంచి 3 శాతం మధ్య ఉంటుంది. కళ్లకు కనిపించదు. రెండు స్ట్రెయిట్‌లలోనూ చాలా చోట్ల ఎడమ అంచు వైపు వాలు ఉందని చిన్న స్పిరిట్ లెవల్ పెట్టి చూశాం. సవ్య దిశ సర్క్యూట్‌లో స్ట్రెయిట్ల తర్వాత వచ్చేవి ఎక్కువగా కుడి మలుపులు, వాటికోసం రేసింగ్ లైన్ స్ట్రెయిట్లలో ఎడమ అంచునే ఉంటుంది. ఈయన ఆ అంచునే పరుగెత్తారు. ఎడమ కాలు మొదటి అడుగు నుంచి పల్లంలో ఉంది.

2 శాతం వాలు అంటే రెండు పాదాల మధ్య పది సెంటీమీటర్ల ఎడానికి 2 మిల్లీమీటర్ల తేడా. వినడానికి ఏమీ కాదు. కానీ 1.1 మీటర్ల అడుగుతో మారథాన్ అంటే ఒక్కో కాలికి 19 వేల అడుగులు. మామూలు రోడ్డు మీద వాలు మలుపు మలుపుకూ మారుతుంది, మనం పక్కలు మారుతుంటాం, భారం పంచుకుపోతుంది. సర్క్యూట్‌లో ఒకే గీత పట్టుకున్న మనిషికి ప్రతి ల్యాప్ అదే మోతాదు, అదే కాలికి. పల్లం వైపు కాలికి ఐటీ బ్యాండ్ ఇబ్బంది రావడం ఫిజియోలు, కోచ్‌లు తరచూ చూసేదే.

వాలు ఒక్కటే కారణమని నేను చెప్పను. ఒంటికాలి మీద నిలబడి మెట్టు దిగే పరీక్షలో ఆయన ఎడమ కాలి మీద నిలబడితే రెండో వైపు తుంటి కిందికి జారేది, కుడి కాలి మీద నిలబడితే అంతగా కాదు. ట్రాక్ మీద కూడా ఎడమ మోకాలే ఎందుకు నొప్పి పెట్టిందో దీంతో అర్థమైంది. బలహీనత ముందే ఉంది, ఎక్కడ భారం ఒకే తీరుగా పడితే అక్కడ అది బయటపడుతోంది.

ఏం మార్చాం

తుంటి పక్క కండరాలకు వారానికి మూడు రోజులు పని చెప్పాం. పక్కకు పడుకుని కాలు ఎత్తడం, మెట్టు అంచున నిలబడి తుంటి దించి ఎత్తడం, ఒంటికాలితో మెట్టు నెమ్మదిగా దిగడం. ఇవి చూడటానికి సాదాసీదాగా ఉంటాయి కాబట్టి రన్నర్లు రెండో వారానికే వదిలేస్తారు. ఈయన వదల్లేదు. పొడవాటి పరుగులను రెండు దిశల్లోనూ తిరిగేలా పెట్టాం, సగం సవ్యంగా, సగం అపసవ్యంగా.

పరుగు దారిని కొత్తగా గీసుకున్నాం. నడక రోజున ప్రతి మలుపుకూ గుర్తులు పెట్టుకున్నాం: ఇక్కడ మార్షల్ పోస్టు దాటగానే కుడికి చూడు, అక్కడ బ్రేకింగ్ బోర్డు దగ్గర ఎడమకు వాలు. కెర్బ్ మీద కాలు పెట్టకూడదని గట్టిగా అనుకున్నాం. రంగు వేసిన కెర్బ్ తడిస్తే జారుతుంది, దాని గట్లు చీలమండను తిప్పేస్తాయి, పైగా ఆ పోటీలో తెల్ల గీత లోపలే ఉండాలన్నది నియమం. వాన పడితే రబ్బరు పట్టిన నల్లటి భాగాన్ని కూడా తప్పించాలి, తడిలో అది కూడా జారుడే. పొడవాటి స్ట్రెయిట్లలో అంచుకు కాకుండా వాలు తక్కువున్న మధ్య భాగంలోంచి ఏటవాలుగా పోయేలా చూశాం. దూరం తగ్గించే దారీ మోకాలికి మేలు చేసే దారీ చాలావరకు ఒకటే కావడం మా అదృష్టం. ఒకచోట మాత్రం రెండూ కలవలేదు. ఎడమకు వాలిన ఒక పొడవాటి మలుపులో మోకాలి కోసం అంచు వదిలి ఒక మీటరు బయటగా పోవాలని నిర్ణయించాం. ల్యాప్‌కు రెండు మీటర్ల నష్టం, ఒప్పుకోదగ్గదే.

వాచీలోని పేస్ అంకెను తెర మీద నుంచి తీసేశాం. ఈ నిర్ణయానికి ఆయన చాలా వాదించారు. నా వాదన ఇది: సర్క్యూట్ మనకు జీపీఎస్ కంటే నమ్మదగిన కొలత ఇస్తోంది, ప్రతి ల్యాప్ ఒకే గీత దగ్గర ముగుస్తుంది. మొదటి ముక్కకు 7 నిమిషాలు, ఆపైన ల్యాప్‌కు 25:20. మొత్తం 3:29:40. ల్యాప్‌ను మూడు ముక్కలు చేసి, గాలి వెనక స్ట్రెయిట్‌కు ఎదురైతే ఆ ముక్కకు 15 సెకన్లు ఎక్కువ ఇచ్చాం, తిరుగు ముక్కలో వచ్చినంత తీసుకోమన్నాం. ఎదురుగాలిలో కోల్పోయింది వెనకగాలి పూర్తిగా తిరిగి ఇవ్వదు కాబట్టి, ఆ స్ట్రెయిట్‌లో అయిదు సెకన్లు నెమ్మదైనా సరే ఒక గుంపు వెనక దాక్కోవాలన్నది ఒప్పందం. సర్క్యూట్ మైదానంలా తెరిచి ఉంటుంది, చెట్టు నీడా ఉండదు, గాలిని ఆపే గోడా ఉండదు. అక్కడ గాలికి అడ్డు మరో రన్నరే.

ఫినిష్ గీతను పదే పదే దాటడం మొదటిసారి ఆయన్ను బాగా కుంగదీసింది. ఆరో ల్యాప్ చివర, ఆగిపోయినవాళ్లు కుర్చీల్లో కూర్చుని ఉండగా వాళ్ల పక్క నుంచే మళ్లీ వెళ్లాలి. అందుకని ల్యాప్ లెక్క ఫినిష్ గీత దగ్గర కాకుండా దాని తర్వాతి మొదటి మలుపు దగ్గర మొదలుపెట్టమన్నాను. నీళ్లు తీసుకోవడం, టైము చూసుకోవడం, తర్వాతి ల్యాప్‌లో మార్చాల్సింది ఒకటి అనుకోవడం, ఈ పనులన్నీ పిట్ స్ట్రెయిట్‌కు పెట్టాం. అక్కడ ఆగాలా వద్దా అని ఆలోచించే తీరిక ఉండదు.

ఫలితం

రెండో పోటీలో 3:30:50. లక్ష్యానికి ఒక నిమిషం కూడా కాదు, 50 సెకన్లు ఎక్కువ. ల్యాప్‌లు 25:10కీ 25:55కీ మధ్యే ఉన్నాయి. చివరి రెండు ల్యాప్‌లలో గాలి పెరిగింది, ఆయన ముందున్న గుంపు అప్పటికే విడిపోయింది. తర్వాత వాచీలో చూస్తే 42.4 కి.మీ. మోకాలు ఏడో ల్యాప్‌లో కొద్దిగా పట్టినట్టు అనిపించింది, నొప్పిగా మారలేదు. మర్నాడు మెట్లు దిగగలిగారు.

లక్ష్యం తప్పినందుకు ఆయన బాధపడ్డారు. నాకు మాత్రం ల్యాప్ టైముల వరుస చూసి చాలా సంతోషం వేసింది. 18 నిమిషాలకు పైగా తగ్గిన ఈ తేడాలో గీత మార్చడం వల్ల వచ్చింది రెండు మూడు నిమిషాలే. మిగతాదంతా నాలుగో ల్యాప్‌లో కంగారుపడకపోవడం, అయిదో ల్యాప్‌లో మోకాలు ఆగిపోకపోవడం వల్ల వచ్చింది. కానీ ఆ రెండింటికీ మొదలు అదే గీత.

నేర్చుకున్నవి

సర్క్యూట్ పోటీకి ఎవరైనా వస్తే ఇప్పుడు నేను మొదట 42 కి.మీ. సంగతి అడగను, ఒక ల్యాప్ గురించి అడుగుతాను. ఎన్ని డిగ్రీలు తిరుగుతుంది, ఎటు వాలు ఉంది, గాలి ఎక్కడ ఎదురవుతుంది, ఎక్కడ ఎక్కుతుంది. అక్కడ చిన్న నష్టం కూడా ల్యాప్‌ల సంఖ్యతో గుణించబడుతుంది. ఊరి రోడ్ల మీద జరిగే మారథాన్‌లో అదే నష్టం ఒకసారి జరిగి పోతుంది.

కొలతతో వచ్చిన ఫిర్యాదును కొట్టిపారేయకూడదు. ఆయన కోర్సును తప్పుపట్టడం సరికాకపోవచ్చు, కానీ ఆ 42.9 అంకెలోనే జవాబు ఉంది. నొప్పిని ఒకవైపు, టైమింగ్‌ను మరోవైపు పెట్టి విడివిడిగా వైద్యం చేస్తూ పోయినంత కాలం రెండూ కుదరలేదు.

ఐటీ బ్యాండ్ నొప్పి తగ్గి కొన్ని వారాలే అయినవాళ్లను సర్క్యూట్ మారథాన్‌కు పంపను, ముందు హాఫ్ మారథాన్ చేయిస్తాను. 5 కి.మీ. సర్క్యూట్‌లో అది నాలుగు ల్యాప్‌లకు కాస్త ఎక్కువ. ఈయనకు నొప్పి మొదలైంది కూడా అయిదో ల్యాప్‌లోనే. వచ్చే పోటీకి ఆయన ఎంచుకున్న సర్క్యూట్ అపసవ్య దిశలో తిరుగుతుంది. స్పిరిట్ లెవల్ తీసుకుని ముందు ఒక ల్యాప్ నడిచి వస్తాం, టైము లక్ష్యం ఆ తర్వాతే పెట్టుకుంటాం.